గదికి తగిన ఏసీ: అడుగుల లెక్కతో మాత్రమే తేలని సంగతి

వైశాఖం ప్రవేశించేసరికి బరంపురంలోని గృహోపకరణాల దుకాణాలలో రద్దీ పెరుగుతుంది. ఏసీ కొనడానికి వచ్చిన కుటుంబాన్ని దుకాణదారు మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒక్కటే: గది ఎన్ని అడుగులు? పది బై పన్నెండు అని జవాబు రాగానే, ‘ఒకటిన్నర టన్ను తీసుకోండి, ఏ ఇబ్బందీ ఉండదు’ అనే సలహా వెంటనే వినిపిస్తుంది. పెద్దది కొంటే నష్టమేముందిలే అన్న ధీమాతో చాలా కుటుంబాలు ఆ మాటకే కట్టుబడతాయి. కొన్ని కుటుంబాలు దీనికి విరుద్ధంగా, ధర తక్కువని చిన్న యంత్రం కొని మేడమీది గదిలో బిగిస్తాయి. ఆ గదిలో పడుకునే వృద్ధులకు రాత్రి పదకొండు గంటలకు కూడా చల్లదనం అందదు.

ఏసీ ఏటా మార్చుకునే వస్తువు కాదు. ఒకసారి గోడకు బిగిస్తే పదేళ్ళపాటు ఆ ఇంటి విద్యుత్ బిల్లును, నిద్రను, ఆరోగ్యాన్ని అది ప్రభావితం చేస్తుంది. వేసవి తీవ్రత ఎంతటిదో ఒడిశా ప్రజలకు కొత్తగా చెప్పవలసిన పని లేదు. 1998 వేసవిలో ఈ రాష్ట్రంలో వడగాలులకు రెండు వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పగలంతా ఎండకు అలసిన శరీరం రాత్రివేళ చల్లబడకపోతే ప్రమాదం పెరుగుతుంది; ముఖ్యంగా వృద్ధులకు, పసిపిల్లలకు, గుండె జబ్బు ఉన్నవారికి. కనుక గదికి తగిన ఏసీని ఎంచుకోవడం ఇంటి పెద్దలు కొంత సమయం వెచ్చించి ఆలోచించవలసిన విషయం. అందుకు ఇంజనీరింగ్ చదువు అవసరం లేదు. ఒక టేపు, ఒక కాగితం, కాస్త కూడికలు వస్తే చాలు.

టన్ను అంటే ఏమిటి?

ఏసీ విషయంలో టన్ను అనే మాట యంత్రం బరువును సూచించదు. కరెంటు యంత్రాలు రాక పూర్వం చల్లదనానికి మంచుగడ్డలే ఆధారం. అందువల్ల తొలినాటి శీతలీకరణ యంత్రాల శక్తిని మంచుతో పోల్చి చెప్పేవారు. 2,000 పౌండ్లు, అనగా సుమారు 907 కిలోల మంచు 24 గంటలలో పూర్తిగా కరగడానికి ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని అదే కాలంలో తొలగించగల యంత్రానికి ఒక టన్ను యంత్రమని పేరు వచ్చింది. నేటి కొలతలో అది సుమారు 3,500 వాట్లు. కంపెనీల పత్రాలలో కనిపించే గంటకు 12,000 బీటీయూ అనే అంకె కూడా దీనికి సమానమే.

ఈ 3,500 వాట్లు ఏసీ వాడుకునే కరెంటు కాదని గమనించాలి. అది గదిలోనుండి బయటకు పంపగల వేడి పరిమాణం. అంత వేడిని తరలించడానికి మంచి యంత్రం దాదాపు 1,000 వాట్ల విద్యుత్తునే ఖర్చు చేస్తుంది. కొనే ముందు తేల్చుకోవలసిన అసలు ప్రశ్న కూడా ఇందులోనే ఉంది: ఈ గదిలోకి గంట గంటకు ఎంత వేడి చేరుతున్నది? చేరే వేడికి, తొలగించే శక్తికి పొంతన కుదిరితే ఏసీ సరిపోయినట్లు.

దుకాణం లెక్క ఎంతవరకు సరి?

వ్యాపారులు పాటించే సూత్రం స్థూలంగా ఇలా ఉంటుంది: 100 చదరపు అడుగులలోపు గదికి ముప్పావు టన్ను లేదా ఒక టన్ను, సుమారు 130 అడుగుల వరకు ఒక టన్ను, 180 అడుగుల వరకు ఒకటిన్నర టన్ను, 250 అడుగుల వరకు రెండు టన్నులు. ఇది నిరాధారమైన లెక్క కాదు. మధ్యరకం గదికి, పది అడుగుల ఎత్తుకు, ఇద్దరు ముగ్గురు మనుషులకు ఇది ఉరామరిగా సరిపోతుంది.

అయితే ఈ సూత్రం నేల వైశాల్యాన్ని మాత్రమే చూస్తుంది. వేడి నేలలోనుండి రాదు. అది స్లాబులోనుండి దిగుతుంది, పడమటి గోడలోనుండి పాకుతుంది, కిటికీ అద్దంలోనుండి ఎండగా ప్రవేశిస్తుంది, తలుపు సందులలోనుండి గాలితో పాటు చొరబడుతుంది. మనుషుల శరీరాలనుండి, టీవీ, ఫ్రిజ్, దీపాలనుండి కూడా పుడుతుంది. విశ్రాంతిగా కూర్చున్న ఒక్క మనిషి నుండే 100 నుండి 120 వాట్ల వేడి వెలువడుతుంది. అందువల్ల ఒకే కొలత గల రెండు గదులకు ఒకే యంత్రం సరిపోకపోవచ్చు.

రెండు గదులు, రెండు లెక్కలు

బరంపురం పాత వీధులలో గోడకు గోడ ఆనించి కట్టిన వరుస ఇళ్ళు నేటికీ అనేకం ఉన్నాయి. వీధి వైపు ముఖం ఇరుకుగా, లోపలికి పొడవుగా సాగే ఈ ఇళ్ళలో కింది అంతస్తు నడిమి గదికి ఇరువైపులా పొరుగువారి గోడలే రక్షణ. పైన మరో అంతస్తు ఉంటే స్లాబు వేడి కూడా దానికి తగలదు. అటువంటి ఇంటిలో కింద ఒక గది, మేడమీద ఒక గది తీసుకుందాం. రెండూ పది బై పన్నెండు అడుగులవే. అంటే 120 చదరపు అడుగులు. రెంటిలోనూ ఇద్దరేసి మనుషులు ఉంటారు. ఎండ ముదిరిన సాయంకాలం, బయట 35 డిగ్రీల వేడి ఉన్న వేళ, లోపల 26 డిగ్రీలు నిలపాలని ఉద్దేశం. కింద ఇచ్చిన అంకెలు సాధారణ లెక్కతో వేసిన అంచనాలు మాత్రమే. ఇల్లు మారితే ఇవీ మారతాయి.

కింది గదిలోకి చేరే వేడి:
ఇద్దరు మనుషులు: 240 వాట్లు
దీపం, ఫ్యాను, టీవీ: 150 వాట్లు
గోడలు, పై అంతస్తు నేల: 600 వాట్లు
నీడలో ఉన్న చిన్న కిటికీ: 100 వాట్లు
సందులలోనుండి వచ్చే గాలి: 400 వాట్లు
మొత్తం: 1,490 వాట్లు

మేడమీది గదిలోకి చేరే వేడి:
ఇద్దరు మనుషులు: 240 వాట్లు
దీపం, ఫ్యాను, టీవీ: 150 వాట్లు
ఎండకు కాగిన స్లాబు: 1,000 వాట్లు
పడమటి గోడ, తక్కిన గోడలు: 750 వాట్లు
నీడ లేని పడమటి కిటికీ: 700 వాట్లు
సందులలోనుండి వచ్చే గాలి: 400 వాట్లు
మొత్తం: 3,240 వాట్లు

కొలతలు ఒకటే అయినా రెండవ గది భారం మొదటిదానికి రెట్టింపు దాటింది. మొదటి గదికి అర టన్ను కంటే తక్కువ చాలు. మార్కెట్టులో దొరికే ముప్పావు టన్ను యంత్రమే దానికి ఎక్కువ. రెండవ గదికి దాదాపు ఒక టన్ను పూర్తిగా కావాలి. ఏసీ సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు ఉన్న స్థితిలో పరీక్షించి ప్రకటిస్తారు. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున యంత్రపు శక్తి తగ్గుతుంది, గది భారం పెరుగుతుంది. కాబట్టి లెక్కలో తేలినదానికి ఐదో వంతు అదనంగా కలుపుకోవడం మంచిది. అలా చూస్తే మేడమీది గదికి ఒక టన్ను బొటాబొటిగా మిగిలి, ఒకటిన్నర టన్ను అవసరమనిపిస్తుంది. దుకాణదారు సలహా ఈ గదికి సరైనదే. కింది గదికి మాత్రం అదే సలహా మూడు రెట్లకు మించిన యంత్రాన్ని అంటగడుతుంది.

తీరప్రాంతంలో తేమదే ప్రధాన పాత్ర

పై పట్టికలో గాలి పక్కన ఉన్న 400 వాట్ల అంకెను కొంచెం నిలిచి చూడాలి. తలుపులు మూసినా గదిలోని గాలి గంటకు ఒకసారి మారిపోతుందనే అంచనాతో వేసిన లెక్క అది. బయటి గాలిలో తేమ 60 శాతం ఉన్నప్పుడు ఆ 400 వాట్లలో సుమారు మూడింట రెండు వంతులు వేడి గాలిని చల్లార్చడానికి కాదు, దానిలోని నీటి ఆవిరిని నీరుగా మార్చడానికే ఖర్చవుతుంది. ఒక లీటరు నీటిని ఆవిరినుండి దింపాలంటే దాదాపు ఐదో వంతు టన్ను శక్తిని గంటసేపు వెచ్చించాలి.

గోపాలపూర్ సముద్రతీరానికి ఇంత చేరువలో ఉన్న పట్టణానికి ఇది చిన్న విషయం కాదు. పశ్చిమ ఒడిశాలోని టిట్లాగఢ్, బలాంగీర్ ప్రాంతాలలో వేసవి ఎండ ఇక్కడికంటే తీవ్రం. అయితే అక్కడి గాలి పొడిగా ఉంటుంది. బళ్ళారిలోనో సోలాపూర్‌లోనో స్థిరపడిన తెలుగు బంధువులు, ‘కూలర్ పెట్టుకోండి, దివ్యంగా ఉంటుంది’ అని సలహా ఇస్తే అది వారి ఊరి అనుభవం. కూలర్ నీటిని ఆవిరిగా మార్చి గాలిని చల్లబరుస్తుంది. ఇప్పటికే ఆవిరితో నిండిన తీరప్రాంతపు గాలిలో దాని పని సాగదు. గది మరింత జిగటగా మారుతుంది.

ఏసీ చరిత్రలోనే తేమకు మొదటి స్థానం ఉంది. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయంలో గాలిలోని తేమకు కాగితం సాగుతూ, కుంచించుకుపోతూ రంగుల అచ్చు చెదిరిపోయేది. ఆ సమస్య తీర్చడానికి విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు రూపొందించిన పద్ధతే ఆధునిక ఎయిర్ కండిషనింగ్‌కు నాంది. గాలిలోని తేమను అదుపు చేయడం దాని తొలి లక్ష్యం.

పెద్ద యంత్రం వల్ల నష్టమేమిటి?

ఏసీ లోపలి చల్లని గొట్టాల మీదుగా గది గాలి ప్రవహిస్తుంది. మంచునీళ్ళ చెంబుకు చెమట పట్టినట్లు, గాలిలోని ఆవిరి ఆ గొట్టాల మీద నీటిబిందువులుగా చేరి, కారి, డ్రెయిన్ పైపు గుండా బయటకు పోతుంది. ఈ పని జరగాలంటే కంప్రెసర్ తగినంతసేపు ఆగకుండా నడవాలి. ప్రారంభమైన మొదటి కొద్ది నిమిషాలలో గొట్టాలు తడుస్తాయే గాని నీరు పైపు దాకా చేరదు.

ఇప్పుడు కింది గదిలో ఒకటిన్నర టన్ను పాతరకం యంత్రాన్ని ఊహించండి. 1,490 వాట్ల భారాన్ని తొలగించడానికి దాని కంప్రెసర్ గంటలో పదిహేడు, పద్దెనిమిది నిమిషాలు నడిస్తే చాలు. అదీ తునకలు తునకలుగా. గాలి వేడి చప్పున తగ్గి, కంప్రెసర్ ఆగిపోతుంది. లోపలి ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. గొట్టాల మీది నీరు తిరిగి ఆవిరై గదిలోకే వస్తుంది. ఒక టన్ను యంత్రమైతే సుమారు ఇరవై అయిదు నిమిషాలు, ముప్పావు టన్నుదైతే ముప్పై నాలుగు నిమిషాలు నడిచి, అదే గదిని మరింత పొడిగా ఉంచుతుంది.

ఈ తేడా ఆషాఢ శ్రావణాలలో స్పష్టంగా తెలుస్తుంది. వాన వెలిసిన సాయంకాలం బయట వేడి 28 డిగ్రీలే ఉన్నా తేమ 90 శాతం ఉంటుంది. గోడలనుండి వేడి రాదు కనుక పెద్ద యంత్రం క్షణాలలో ఆగిపోతుంది. తేమ అలాగే మిగులుతుంది. మీటరు 24 డిగ్రీలు చూపుతున్నా దుప్పటి చెమ్మగా తగులుతుంది, గోడ మూలలో బూజు పడుతుంది, బీరువాలోని పట్టుచీరలకు ముక్క వాసన వస్తుంది. ఇంటివారు చల్లదనం చాలలేదనుకొని రిమోట్‌లో 18 నొక్కుతారు. అప్పుడు చలీ, తేమా, బిల్లూ మూడూ కలిసి వస్తాయి.

ఇన్వర్టర్ ఏసీ ఈ సమస్యను చాలావరకు తగ్గిస్తుంది. అవసరాన్ని బట్టి అది వేగం తగ్గించుకొని ఎక్కువసేపు నడుస్తుంది. అయినా దానికీ ఒక కనిష్ఠ పరిమితి ఉంది. యంత్రాన్ని బట్టి మారినా, అది తరచుగా పూర్తి శక్తిలో నాలుగో వంతు, మూడో వంతుల మధ్య ఉంటుంది. గది భారం అంతకంటే తగ్గితే ఇన్వర్టర్ కూడా ఆగుతూ నడుస్తూ పోతుంది. పైగా నెమ్మదిగా నడిచేటప్పుడు గొట్టాలు అంతగా చల్లబడవు కనుక నీటిని పిండే శక్తి కూడా తగ్గుతుంది. ఇన్వర్టర్ ఉన్నది కదా అని మరీ పెద్ద యంత్రం కొనడం సమంజసం కాదు.

మరీ చిన్న యంత్రం వల్ల కలిగే నష్టం సులభంగా గ్రహించదగినదే. అది రాత్రంతా పూర్తి శక్తితో నడిచినా కోరిన చల్లదనం రాదు. కరెంటు ఖర్చవుతుంది, ఫలితం దక్కదు. రెండు పొరపాట్లలో ఏది ఎక్కువ హానికరమంటే గదిని బట్టి చెప్పాలి. మేడమీది గదిలో వృద్ధులు పడుకుంటే అక్కడ చిన్న యంత్రమే ప్రమాదకరం. నీడలో ఉన్న కింది గదిలో పెద్ద యంత్రమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఇదివరకే ఏసీ ఉన్నవారు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. తేమగా ఉన్న సాయంకాలం ఏసీ వేసి, గది చల్లబడిన తరువాత, డ్రెయిన్ పైపు కింద ఒక గంటసేపు బకెట్ ఉంచాలి. పైన చెప్పిన కింది గది లెక్కలో గంటకు సుమారు అర లీటరు నీరు రావాలి. గది చెమ్మగా ఉండి, బకెట్‌లో నీరు అంతంత మాత్రమే పడితే, యంత్రం గదికి మించినదని అనుమానించవచ్చు. పైపు మూసుకుపోయిందేమో, ఫిల్టర్ మురికి పట్టిందేమో కూడా ముందుగా చూసుకోవాలి.

యంత్రానికి ముందు ఇంటి సంగతి

మేడమీది గది పట్టికలో రెండు పెద్ద అంకెలు ఉన్నాయి: స్లాబు 1,000, కిటికీ 700. ఈ రెండూ డబ్బుతో కొన్న యంత్రం మోయవలసిన భారాలు. వీటిని ఇంటి బయటే ఆపగలిగితే యంత్రం చిన్నదైపోతుంది.

పాచి పట్టి నల్లబడిన స్లాబు ఉపరితలం వేసవి మధ్యాహ్నం 60 డిగ్రీల దాకా కాగగలదు. ఆ వేడి కాంక్రీటులో నిలువ ఉండి రాత్రివేళ నెమ్మదిగా గదిలోకి దిగుతుంది. మేడమీది గది రాత్రి పదింటికి కూడా ఉడుకుతూ ఉండటానికి కారణం ఇదే. తెల్లని ఉపరితలం ఎండలో అధిక భాగాన్ని తిప్పి పంపుతుంది. సంక్రాంతి తరువాత, ఎండలు ముదరక ముందే, మేడను శుభ్రంగా కడిగి, జిగురు కలిపిన సున్నం రెండు మూడు పూతలు వేస్తే ఆ ఏడాదికి సరిపోతుంది. తెల్ల రంగు పూతలు, తెల్ల పలకలు ఖరీదు ఎక్కువైనా ఎక్కువకాలం నిలుస్తాయి. ఈ పద్ధతి ప్రాధాన్యాన్ని గుర్తించి తెలంగాణ ప్రభుత్వం 2023లో ఐదేళ్ళ కాలానికి కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. సాయంకాలం మేడమీద కుళాయి నీళ్ళు చల్లే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది; అది తాగునీటిని వృథా చేయడమే. సున్నం అదే పనిని నీరు లేకుండా చేస్తుంది.

పడమటి కిటికీకి లోపల పరదా వేయడం కంటే బయట నీడ కల్పించడం మేలు. పరదా దగ్గరకు వచ్చేసరికే ఎండ అద్దం దాటి గదిలోకి వచ్చేసింది. బయట వెదురు తడిక, సన్‌షేడ్, తీగ పాకించిన పందిరి ఏదైనా సరే ఎండను ముందే ఆపుతాయి. పెద్దలు మేడమీద వేయించిన చలువపందిరి కూడా ఈ సూత్రంపైనే ఆధారపడినది.

సున్నం వల్ల స్లాబు భారం 1,000 నుండి 500 వాట్లకు, బయటి నీడ వల్ల కిటికీ భారం 700 నుండి 250 వాట్లకు తగ్గిందనుకుంటే, గది మొత్తం 3,240 నుండి 2,290 వాట్లకు దిగుతుంది. ఐదో వంతు కలుపుకున్నా అది 2,750 దాటదు. ఒకటిన్నర టన్ను కావలసిన గదికి ఇప్పుడు ఒక టన్ను హాయిగా సరిపోతుంది. యంత్రం ధరలో మిగిలిన సొమ్ము ఒకసారి లాభం. ప్రతి వేసవిలో బిల్లులో తగ్గే మొత్తం ఏటేటా లాభం. కరెంటు పోయిన రాత్రి కూడా ఆ గది మునుపటంత ఉడకదు. ఏసీ కొనలేని కుటుంబానికి సైతం ఇందులో మేలు ఉంది.

అద్దె ఇంట్లో ఉండేవారు ఈ లెక్కను ఇంటి యజమానికి చూపి, మేడకు సున్నం వేయించమని కోరవచ్చు. ఆస్బెస్టాస్ లేదా ఇనుప రేకుల కింద ఉన్న గదికి సంబంధించి ఒక హెచ్చరిక: రేకుకు కింద వేడిని ఆపే సీలింగ్ వేయించకుండా ఎంత పెద్ద ఏసీ పెట్టినా తృప్తికరమైన ఫలితం రాదు.

లేబుల్ చదివే పద్ధతి

ఏసీ మీద అతికించిన నక్షత్రాల లేబుల్‌ను కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నిర్దేశించింది. అందులో మూడు అంశాలు చూడాలి. మొదటిది వాట్లలో తెలిపిన శీతలీకరణ సామర్థ్యం. ఒకటిన్నర టన్ను అంటే కచ్చితంగా 5,275 వాట్లు ఉండాలి. మార్కెట్టులో ఆ పేరుతో అమ్మే కొన్ని యంత్రాల సామర్థ్యం 5,000 వాట్లలోపే ఉంటుంది. కాబట్టి పేరులోని టన్నును కాక లేబుల్‌లోని వాట్లను గది లెక్కతో పోల్చుకోవాలి.

రెండవది 1,600 గంటల వాడకానికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో తెలిపే అంకె. రెండు యంత్రాల యూనిట్ల తేడాను తమ ఇంటి యూనిట్ ధరతో గుణిస్తే, ధర ఎక్కువైన యంత్రం ఎన్నేళ్ళలో ఆ తేడాను తిరిగి ఇస్తుందో తెలుస్తుంది. మూడవది లేబుల్ చెల్లుబాటు కాలం. నక్షత్రాల ప్రమాణాలు ఎప్పటికప్పుడు కఠినతరమవుతుంటాయి. పాత సరుకు మీది ఐదు నక్షత్రాలు కొత్త ప్రమాణంలో నాలుగో మూడో కావచ్చు.

2020 జనవరి నుండి నక్షత్రాల లేబుల్ గల ప్రతి గది ఏసీ మొదట 24 డిగ్రీల వద్ద ప్రారంభమయ్యేలా నిబంధన అమలులో ఉంది. ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఆ సంస్థ చెబుతున్నది. గదికి తగిన యంత్రం ఉండి, తేమ అదుపులో ఉంటే, 26 డిగ్రీల వద్ద సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిరుగుతూ ఉండగా చాలామందికి సుఖంగానే ఉంటుంది.

తీగలు, వీధి, పొరుగువారు

ఏసీ పరిమాణం పెరిగితే ఇంటి వైరింగ్ మీద భారం కూడా పెరుగుతుంది. దీపాల కోసం వేసిన సన్న తీగకు ఏసీని కలపడం అగ్నిప్రమాదానికి దారితీయవచ్చు. మీటరు బోర్డు నుండి విడిగా తగిన మందం గల రాగి తీగ, దానికి సరిపడే ఎం.సి.బి., సరైన ఎర్తింగ్ ఉన్నాయని లైసెన్స్ గల ఎలక్ట్రీషియన్ చేత నిర్ధారించుకోవాలి. మంజూరైన విద్యుత్ లోడు చాలకపోతే విద్యుత్ సంస్థకు ముందే దరఖాస్తు చేసుకోవాలి.

గదిలోనుండి తీసిన వేడి ఎక్కడికీ మాయం కాదు. అది వీధిలోకే వస్తుంది. ఒక టన్ను ఏసీ పూర్తి శక్తితో నడిచేటప్పుడు గది వేడి 3,500 వాట్లకు తాను వాడిన సుమారు 1,000 వాట్లు కలిపి, 4,500 వాట్ల వేడిని బయటకు వదులుతుంది. ఇరుకు సందులో ఎదురింటి కిటికీకి ఎదురుగా బయటి యూనిట్ బిగిస్తే ఆ వేడి పొరుగువారి గదిలోకి పోతుంది. గాలి ఆడక తిరిగి ఆ యంత్రానికే చేరి దాని శక్తినీ తగ్గిస్తుంది. కనుక దానిని గాలి ఆడే ఎత్తైన చోట, వీలైతే నీడలో అమర్చాలి. డ్రెయిన్ నీరు బాటసారుల మీద, నడిచే దారి మీద పడకుండా మొక్కలకో మురుగు కాలువకో మళ్ళించాలి.

దుకాణానికి వెళ్ళే ముందు

ఈ కింది విషయాలను ఒక కాగితం మీద రాసుకొని వెళ్ళడం మంచిది.

1. గది పొడవు, వెడల్పు, ఎత్తు.
2. పైన మరో అంతస్తు ఉన్నదా, ఎండ తగిలే స్లాబా, రేకులా.
3. ఎండ పడే గోడలు ఎన్ని, అవి ఏ దిక్కున ఉన్నాయి.
4. కిటికీల కొలతలు, వాటికి బయట నీడ ఉన్నదా లేదా.
5. రాత్రివేళ సాధారణంగా గదిలో ఎంతమంది ఉంటారు. వారిలో వృద్ధులు, పసిపిల్లలు, రోగులు ఉన్నారా.
6. గదిలో నడిచే ఫ్రిజ్, కంప్యూటర్, టీవీ వంటి పరికరాలు.
7. తలుపు కింద, కిటికీ చుట్టూ ఉన్న సందులు. వాటిని మూయించే వీలు.
8. విడి తీగ, ఎర్తింగ్, మంజూరైన లోడు వివరాలు.
9. బయటి యూనిట్‌కు, నీటి పైపుకు తగిన స్థలం.

దుకాణదారు గది కొలత మాత్రమే అడిగి టన్ను చెప్పినట్లయితే, ఈ కాగితం చూపి మరొకసారి లెక్క చూడమని కోరాలి. మేడమీది గది కోసం వెళ్ళేవారు స్లాబుకు సున్నం వేసి, కిటికీకి నీడ కల్పించిన తరువాతే యంత్రాన్ని నిర్ణయించుకోవడం మంచిది. పెద్దలు పడుకునే గది ఆ ఇంట్లో అత్యంత వేడి గదే అయితే, కొనడానికి ముందు మరొక మాట కూడా ఆలోచించాలి: ఎండలు ముదిరిన ఆ రెండు మూడు నెలలు వారి పడకను కింది నడిమి గదికి మార్చగలరా? మార్చగలిగితే, ముప్పావు టన్ను యంత్రంతోనే వారికి నిశ్చింతగా నిద్ర పడుతుంది.